స్లో నిలవని ఇంజిన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు పట్టినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ కనిపిస్తోంది. నడుస్తున్నంతసేపూ బాగానే ఉండే పెట్రోల్ కారు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి ఆపేసరికి స్లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం, పడిపోయి ఆగిపోతోందని పాఠకులు రాస్తున్నారు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదే అయింది. తక్కిన జవాబులకు అదే పునాది కనుక, మీ ఉత్తరం కింద ఉన్నా ముందు దానిని చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: అయ్యా, నాది 2009 మోడల్ పెట్రోల్ కారు, 1200 సీసీ. మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 86 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉదయం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. శ్రీకాకుళం వెళ్లేటప్పుడు మడపాం టోల్‌గేట్ వరుసలో క్లచ్ నొక్కి ఆపేసరికి ఆర్‌పీఎం ముల్లు 500కు జారి, బండి వణికి ఆగిపోతోంది. ఏసీ వేసి ఉంటే తప్పకుండా ఆగుతుంది. ఒకచోట ప్లగ్గులు మార్చారు, ఇంకొకచోట పెట్రోల్ పంపు మార్చారు. నెల క్రితం బ్యాటరీ కొత్తది వేయించిన రోజు నుంచి జబ్బు రెట్టింపయింది. చివరికి ఒక మెకానిక్ ఏదో స్క్రూ తిప్పి స్లో పెంచాడు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పటికే చాలా ఖర్చయింది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: అయ్యా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. జబ్బు ఎక్కడుందో మీరే మూడు మాటల్లో రాసేశారు. చల్లటి ఇంజిన్‌కు ఇబ్బంది లేదు, ఆపేటప్పుడే ఆగుతోంది, బ్యాటరీ మార్చాక ముదిరింది. ఈ మూడింటినీ కలిపి చూసిన వారెవరైనా ప్లగ్గుల జోలికి, పంపు జోలికి వెళ్లకముందే, ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీని విప్పి చూడాలి. మీ బండిలో ఇంతవరకు ఎవరూ విప్పనిది అదొక్కటే.

ఇంజిన్ స్లోలో ఎలా నిలబడుతుందో ముందు చెబుతాను. మీరు కాలు తీసినప్పుడు త్రాటిల్ బాడీలోని గుండ్రటి పళ్లెం దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. మీది యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న కాలపు బండి అయి ఉంటుంది కనుక, ఆ పళ్లెం పక్క నుంచి ఒక చిన్న దారి ఉంటుంది. స్లోలో ఇంజిన్‌కు కావలసిన గాలిలో ఎక్కువ భాగం ఆ దారిలోంచే పోతుంది. ఆ దారికి తలుపు వంటిది ఐడిల్ వాల్వ్. అందులో ఒక చిన్న మోటారు మొనదేలిన పిన్నును ముందుకూ వెనక్కూ జరుపుతూ, ముల్లు 750 దగ్గర, అంటే నిమిషానికి 750 చుట్ల దగ్గర, నిలిచేటట్లు గాలిని కొలిచి వదులుతుంది. ఎంత జరపాలో ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, చెబుతుంది. స్లోలో మీ ఇంజిన్ గంటకు తాగే పెట్రోల్ లీటరు లోపే, పీల్చే గాలి కూడా ఆ లెక్కనే తక్కువ. అంత తక్కువలో కొంచెం తేడా వచ్చినా ఇంజిన్ తట్టుకోలేదు. రోడ్డు మీద 60 వేగంలో పోయేటప్పుడు ఆ తేడా మొత్తంలో కలిసిపోయి ఎవరికీ తెలియదు. నడిచే బండి బాగుండి నిలిచిన బండి ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక ఆ దారిని మూసేది కార్బన్. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారిన పొగ, ఆయిల్ ఆవిరితో కలిసి, పీసీవీ గొట్టం ద్వారా తిరిగి గాలి దారిలోకే వస్తుంది. పొగను బయటికి వదలకుండా మళ్లీ కాల్చడానికే ఆ ఏర్పాటు, అందులో తప్పు లేదు. కాని ఆ ఆయిల్ ఆవిరికి దుమ్ము తోడై పళ్లెం అంచున పేరుకుంటుంది. విజయనగరంలో మా షెడ్డుకు వచ్చే ఇలాంటి బండ్లలో రబ్బరు గొట్టం ఊడదీసి పళ్లెం మీద లైటు వేస్తే, పైకి మెరుస్తూనే కనిపిస్తుంది. వేలితో పళ్లేన్ని నెమ్మదిగా తెరిచి చూస్తే, అది వచ్చి ఆనే చోట గొట్టం లోపలి గోడ మీద నల్లటి వలయం ఉంటుంది. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగున పట్టే మసి లాంటిది కాదు అది. జిగటగా, గోటితో గీకితే గీత పడేటట్లు, అగరొత్తి మందంలో సగం ఎత్తు ఉంటుంది. పక్క దారి లోపల, పిన్ను మొన చుట్టూ అదే జిగురు. పిన్ను జరగవలసిన వేగంలో జరగదు.

ఇప్పుడు మీ మూడు మాటలకు వద్దాం. చల్లటి ఇంజిన్‌కు ఈసీఎం తనంతట తానే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ ఇచ్చి ముల్లును 1200 పైన ఉంచుతుంది. అందువల్ల మసి వల్ల తగ్గిన కొంచెం అప్పుడు లెక్కలోకి రాదు. ఇంజిన్ వేడెక్కాక ఆ అదనం పోతుంది, లోపం బయటపడుతుంది. టోల్‌గేట్ దగ్గరికి వస్తూ మీరు కాలు తీసినప్పుడు ఈసీఎం పెట్రోల్‌ను కొంతసేపు పూర్తిగా ఆపేసి, ముల్లు 1500 ప్రాంతానికి దిగుతుండగా మళ్లీ ఇస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఐడిల్ వాల్వ్ తగినంత తెరిచి పట్టుకోవాలి. జిగురులో చిక్కుకున్న పిన్ను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే పడిపోతున్న ఇంజిన్ మరి లేవదు. ఏసీ కంప్రెసర్ బరువు కూడా అప్పుడే తోడైతే చెప్పనక్కరలేదు.

బ్యాటరీ సంగతి చాలామందిని తికమక పెడుతుంది. కొత్త బ్యాటరీలో దోషం లేదు. మసి మెల్లగా పేరుకుంటున్న కాలమంతా ఈసీఎం దానిని గమనిస్తూ, ఈ బండికి మామూలు కంటే ఇంత ఎక్కువ తెరవాలి అని జ్ఞాపకం పెట్టుకుని సర్దుతూ వచ్చింది. పాత బ్యాటరీ తీసిన నిమిషంలో ఆ జ్ఞాపకం చెరిగిపోయింది. త్రాటిల్ బాడీ శుభ్రంగా ఉందని అనుకుని ఫ్యాక్టరీలో పెట్టిన లెక్కతో మొదలుపెట్టింది. జబ్బు రెట్టింపు కాలేదు, ఇన్నాళ్లూ దాన్ని దాచిన తెర తొలగింది.

ఆ స్క్రూ గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. కార్బురేటర్ కాలంలో స్లో స్క్రూ తిప్పడం మా పనిలో రోజూ ఉండేది. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇంజెక్షన్ బండిలో త్రాటిల్ బాడీ మీద కనిపించే స్క్రూ స్లో పెంచడానికి పెట్టింది కాదు. పళ్లెం పూర్తిగా మూసుకుని గొట్టంలో ఇరుక్కుపోకుండా ఆపడానికి ఫ్యాక్టరీలో కొలిచి బిగించి, చాలా బండ్లలో రంగు చుక్క వేసి వదిలిన స్క్రూ అది. దానిని తిప్పితే పళ్లెం కాస్త తెరుచుకుని గాలి పెరుగుతుంది, నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. కాని పళ్లెం పక్కనే ఉన్న త్రాటిల్ సెన్సార్ మూసిన స్థితిలో సుమారు అర వోల్టు చూపవలసింది ఎక్కువ చూపుతుంది. కొన్ని బండ్లలో ఈసీఎం దానిని చూసి, డ్రైవర్ కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది అని అనుకుంటుంది. అప్పుడు స్లోను పట్టుకునే పనే మానుకుంటుంది. కాలు తీసినప్పుడు పెట్రోల్ ఆపడం కూడా మానుకుని మైలేజీని తినేస్తుంది. మసిని కడగకుండా స్క్రూ తిప్పినవారు మీ జబ్బు పక్కన ఇంకో జబ్బును కూర్చోబెట్టారు. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న కొలతకు దానిని తిరిగి తెప్పించుకోండి. అది జరిగే వరకు మిగిలిన ఏ కొలతనూ నమ్మడానికి లేదు.

కడిగించే పద్ధతి చెబుతాను, దగ్గరుండి చేయించండి. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, వీలైతే త్రాటిల్ బాడీని పూర్తిగా బయటికి తీయాలి. త్రాటిల్ బాడీ కోసం అమ్మే క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద, పళ్లు తోముకునే పాత బ్రష్ మీద చల్లి తుడవాలి. సెన్సార్ల మీదా, మోటారు మీదా నేరుగా కొట్టకూడదు. ఉప్పు కాగితంతో రుద్దడం, స్క్రూడ్రైవర్‌తో గీకడం అసలే వద్దు, గొట్టం లోపల గీతలు పడితే ఆ గీతల్లోంచే గాలి కారుతుంది. ఐడిల్ వాల్వ్ విప్పితే పిన్నును వేలితో లోపలికి నొక్కకూడదు, లోపలి సన్నని పళ్ల చక్రాలు పాడవుతాయి. తిరిగి బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ గట్టిపడి ఉంటే కొత్తది వేయించండి. కేబుల్ లేకుండా వైర్ల మీదే పనిచేసే కొత్త తరహా త్రాటిల్ ఉన్న పాఠకులు ఇంకో జాగ్రత్త పాటించాలి. తాళం ఆన్‌లో ఉండగా పళ్లేన్ని వేలితో తెరవకండి. మోటారు పాడవుతుంది, ఒక్కోసారి పళ్లెం ఉన్నట్టుండి మూసుకుని వేలు నలుగుతుంది.

కడిగిన వెంటనే స్లో కాసేపు ఎక్కువగా ఉండవచ్చు, మొదట కొంచెం పొగ రావచ్చు. కంగారు పడకండి. లైట్లు, ఏసీ, పాట అన్నీ ఆపి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేవరకు బండిని స్లోలో వదలండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. ఈసీఎం కొత్త లెక్క నేర్చుకునేది ఇలాగే. కొన్ని మోడళ్లకు ఈ పని, ఈసీఎంలోని వివరాలు చదివే స్కానర్ పెట్టి చేయించాలి. ఇదంతా ఆరుబయట చేయండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది.

మార్చిన పెట్రోల్ పంపు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ డబ్బులో ఎక్కువ భాగం దానికే పోయి ఉంటుంది. ఇంజిన్‌కు పెట్రోల్ అతి తక్కువ కావలసింది స్లోలోనే. పంపు నీరసిస్తే ముందు లారీని దాటేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపు తగ్గి తెలుస్తుంది, టోల్‌గేట్ దగ్గర కాదు. దాదాపు 3 బార్ల ఒత్తిడి ఉందో లేదో గేజి పెట్టి చూడటానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట వెచ్చించని వారికి పంపు మార్చమని చెప్పకండి.

ప్రశ్న: గురువుగారూ, నేను గజపతినగరంలో చిన్న షెడ్డు నడుపుతున్నాను. కొత్తగా స్కానర్ కొన్నాను. స్లో పడిపోతున్న బండికి పెడితే పి0506 అని వచ్చింది. ఐడిల్ వాల్వ్ మార్చినా మళ్లీ అదే వస్తోంది. స్కానర్‌లో ఇంకేం చూడాలి? – ఒక మెకానిక్

జవాబు: తమ్ముడూ, పి0506 అంటే స్లో ఉండవలసినంత లేదు అని మాత్రమే. వాల్వ్ పాడైంది అని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది, ఎందుకొచ్చిందో వైద్యుడే చూడాలి. కోడ్‌ను పక్కన పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక లైవ్ డేటాలోని నాలుగు అంకెలను చూడు.

మొదటిది నీళ్ల ఉష్ణోగ్రత. బండి అరగంట నడిచాక 80 డిగ్రీలు దాటి ఉండాలి. వేడి ఇంజిన్‌లో 30, 40 చూపుతుంటే సెన్సార్ అబద్ధం చెబుతోంది. ఈసీఎం చల్లటి ఇంజిన్ అనుకుని పెట్రోల్ కుమ్మరిస్తోంది. ప్లగ్గులు నల్లగా తడిసి ఆగుతున్న బండ్లలో ఈ లోపాన్ని చాలాసార్లు చూశాను. రెండవది మ్యాప్ సెన్సార్ చూపే ఒత్తిడి, అంటే త్రాటిల్ దాటాక ఇన్‌టేక్ గొట్టంలో ఉండే గాలి ఒత్తిడి. ఏసీ లేకుండా స్లోలో చాలా ఇంజిన్లు 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉంటాయి. 50, 55 చూపిస్తే ఇంజిన్ సరిగ్గా పీల్చడం లేదు. గాలి కారడమో, వాల్వ్ క్లియరెన్స్ తగ్గడమో, టైమింగ్ తప్పడమో వెతకాలి. మూడవది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోల్‌ను లెక్క కంటే ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె. దీర్ఘకాలపు ట్రిమ్ 5 శాతం అటూ ఇటూ ఉంటే చింత లేదు. 15 దాటితే ఎక్కువ పెట్రోల్ పోస్తున్నా చాలడం లేదని అర్థం. నాలుగవది ఐడిల్ వాల్వ్ ఎంత తెరుచుకుందో చూపే అంకె. అది చివరిదాకా వెళ్లి కూడా ముల్లు లేవకపోతే దారి మూసుకుంది. సగంలోనే ఉండి లేవకపోతే నిప్పురవ్వ వైపో, పెట్రోల్ వైపో చూడాలి.

గాలి కారడం విషయంలో ఒక తేడాను మనసులో పెట్టుకో. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి మ్యాప్ సెన్సారే. అలాంటి ఇంజిన్‌లో ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి కారితే స్లో సాధారణంగా పెరుగుతుంది, తగ్గదు, ఎందుకంటే కారిన గాలికి కూడా సెన్సార్ లెక్క కట్టి పెట్రోల్ ఇప్పిస్తుంది. గాలి కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న బండిలో అదే కారడం లెక్కలోకి రాదు. మిశ్రమం పలచబడి, ఇంజిన్ వణికి ఆగిపోతుంది. బండి ఏ రకమో తెలుసుకోకుండా గొట్టాల మీద క్లీనర్ కొడుతూ రోజంతా వెతకడం దండగ, పైగా వేడి మ్యానిఫోల్డ్ మీద మండే ద్రవం కొట్టడం ప్రమాదం. బ్రేక్ నొక్కినప్పుడే స్లో మారి, పెడల్ దగ్గర బుస్సుమనే శబ్దం వస్తే మాత్రం, ఇంజిన్ పీలుపుతో బ్రేక్‌కు బలం చేర్చే బ్రేక్ బూస్టర్‌ను చూడు. ఆ బండిని బాగుచేయకుండా రోడ్డు మీదికి పంపకు.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర బారువ. సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు. పగలు కారు బాగానే ఉంటుంది. రాత్రి లైట్లు, వైపర్లు, ఏసీ ఫ్యాన్ వేస్తే స్లో పడి ఆగిపోతోంది. ఆల్టర్నేటర్ మార్చమంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మార్చకముందు మీ ఇంజిన్ ఎర్త్ వైరు చూపించండి. గత ఏడాది ఇలాగే తీరం నుంచి వచ్చిన ఒక బండిలో బ్యాటరీ టెర్మినళ్లు అద్దంలా ఉన్నాయి. బ్యాటరీ నుంచి గేర్‌బాక్స్‌కు పోయే నల్ల వైరు కింద చివర బోల్టు విప్పితే, వాషర్ కింద పచ్చటి చిలుం పొరలు పొరలుగా ఊడి వచ్చింది. రాగి తీగల్లో సగం తాకితే పిండి అయ్యాయి. ఉప్పు గాలి పైకి కనిపించే చోటును వదిలేసి కింద పని చేస్తుంది. విద్యుత్తు తిరిగి వచ్చే దారి ఇరుకైతే కాయిల్‌కు, ఇంజెక్టర్లకు, సెన్సార్లకు అందే వోల్టేజీ తగ్గుతుంది. లైట్లు, ఫ్యాన్ కూడా తోడైతే ఇంజిన్ ఆగుతుంది.

దీనికి మల్టీమీటర్ చాలు. ఇంజిన్ స్లోలో ఉండగా లైట్లు, ఫ్యాన్ వేసి, మీటరు ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకొకదానిని ఇంజిన్ లోహం మీద పెట్టాలి. 0.2 వోల్టు మించితే ఎర్త్ బాగులేదు. అది సరిగా ఉండి, బ్యాటరీ మీద 13.5 కంటే తక్కువ చూపితే అప్పుడు ఆల్టర్నేటర్ గురించి, దాని బెల్టు గురించి ఆలోచించాలి. ఎర్త్ బోల్టు కింద లోహం తెల్లగా మెరిసేదాకా రుద్ది, బిగించాక వాసెలిన్ పూయించండి. తీరంలో ఉన్నవారు ఏడాదికొకసారైనా ఈ పని చేయించుకోవాలి.

ప్రశ్న: పలాస నుంచి ఇచ్ఛాపురం మధ్య హైవే మీద వేడి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది. ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. స్లో మాత్రం బాగానే ఉంది. – ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీది పై జబ్బుల కోవలోనిది కాదు. స్లో పడి, వణికి, నెమ్మదిగా ఆగే బండి వేరు, దీపం ఆర్పినట్టు ఆగే బండి వేరు. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు సున్నాకు పడిందంటే, ఇంజిన్ తిరుగుతున్న సంగతే ఈసీఎంకు తెలియడం లేదు. ఆ సమాచారం ఇచ్చేది క్రాంక్ సెన్సార్. లోపలి సన్నని తీగచుట్ట వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంటుంది. మళ్లీ ఆగినప్పుడు వెంటనే సెల్ఫ్ కొడుతూ ముల్లును చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా అది సున్నా దగ్గరే కదలకుండా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. దానితో పాటు, తాళం ఆన్ చేసిన మొదటి రెండు క్షణాల్లో వెనుక సీటు కింద పంపు మూలిగే శబ్దం వస్తోందో లేదో వినండి. రాకపోతే పంపు రిలే కూడా చూడాలి. కొత్త సెన్సార్ వేసే ముందు దాని కనెక్టర్‌లో ఆయిల్ చేరిందేమో తప్పక చూపించండి. ఈ పని వాయిదా వేయకండి, లారీల మధ్య ఇంజిన్ ఆగడం మామూలు విషయం కాదు.

ప్రశ్న: పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ, బంకులోంచి బయటికి రాగానే మా కారు ఆగిపోతుంది. కల్తీ పెట్రోలేనా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఏ బంకులో కొట్టించినా ఇదే జరుగుతుంటే కల్తీ కాదు. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఉంచి, బండి నడిచేటప్పుడు కొంచెం కొంచెంగా ఇంజిన్‌కు వదిలే ఏర్పాటు ఉంటుంది. వదిలే పని పర్జ్ వాల్వ్‌ది. అది మూసుకోకుండా ఉండిపోతే, పెట్రోల్ పోసినప్పుడు పైకి తోసుకొచ్చిన ఆవిరి అంతా ఒక్కసారిగా ఇంజిన్‌లోకి పోయి ఊపిరాడనివ్వదు. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, డబ్బా వైపు నుంచి వాల్వ్‌కు వచ్చే గొట్టం తీసి, వాల్వ్ మూతి మీద వేలు పెడితే పీలుపు తెలియకూడదు. తెలిస్తే వాల్వ్ మార్చాలి. అంతవరకు, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి స్టార్ట్ చేయండి. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగిన తర్వాత ఇంకొక యాభై రూపాయలకు కొట్టమని అడగకండి. మెడదాకా నింపిన ట్యాంకు నుంచి పెట్రోలే ఆ డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

ప్రశ్న: ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లనే పాత కార్లు స్లోలో ఆగుతున్నాయని అందరూ అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కొంత నిజం, అందరూ అన్నంత కాదు. ఒక కిలో మామూలు పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే అది సుమారు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి పెట్రోల్ దాదాపు 9 శాతం ఎక్కువ ఇవ్వాలి. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ బాగున్న బండిలో ఈసీఎం ఆ 9 శాతాన్ని తనే సర్దుకుంటుంది, మీకు తెలియదు కూడా. కాని ఇంజెక్టర్లు మూసుకుపోయి, అప్పటికే 12 శాతం అదనంగా ఇస్తూ నెట్టుకొస్తున్న బండికి ఈ 9 తోడైతే హద్దు దాటిపోతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక, వానాకాలంలో వారాల తరబడి పావు ట్యాంకుతో కదలకుండా ఉండే బండ్లకు ఇబ్బంది ఎక్కువ. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు మెత్తబడ్డాయేమో సర్వీసుకోసారి చూపించుకోవాలి. అయితే మొదటి జవాబులో చెప్పిన మసిని కడిగించకుండా నేరమంతా పెట్రోల్ మీద వేయకండి.

ప్రశ్న: సాలూరు ఘాట్ దిగేటప్పుడు మలుపులో క్లచ్ నొక్కితే ఇంజిన్ ఆగిపోయింది. బ్రేక్ రాయిలా అయింది. భయపడిపోయాను. అలాంటప్పుడు ఏం చేయాలి? – ఒక పాఠకుడు, రామభద్రపురం

జవాబు: ఆగడానికి కారణం నరసన్నపేట పాఠకుడి బండిలో ఉన్నదే కావచ్చు. దిగుడులో ఎక్కువసేపు పెట్రోల్ ఆగి ఉండి, క్లచ్ నొక్కగానే ముల్లు వేగంగా పడుతుంది, మసి పట్టిన త్రాటిల్ దాన్ని పట్టుకోలేదు. ఇంటికి రాగానే కడిగించండి, అప్పటివరకు ఘాట్ ఎక్కకండి.

మలుపులో ఇంజిన్ ఆగితే ఈ వరుస గుర్తుంచుకోండి. ఇంజిన్ ఆగినా బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు నొక్కులకు సరిపడా శూన్యం మిగిలి ఉంటుంది. పెడల్‌ను పదేపదే కొట్టి దానిని ఖర్చు చేయకుండా, ఒకే నొక్కుతో గట్టిగా పట్టి ఉంచండి. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కవచ్చు, రెండు చేతులతో బలంగా తిప్పితే తిరుగుతుంది. తాళం వెనక్కి పూర్తిగా తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. బండి ఇంకా దొర్లుతుంటే గేరు రెండులోనో మూడులోనో ఉంచి క్లచ్ మెల్లగా వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పి లేపుతాయి. లేవకపోయినా గేరులో ఉన్న ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. కొండ వైపు అంచుకు చేర్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, రివర్స్ గేరులో పెట్టి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాకే బానెట్ తెరవండి.